చప్పుడు లేని బండి

నా భార్య పోయిన రెండు నెలలకు మా బావమరిది కొన్న కారులో మొదటిసారి కూర్చున్నాను. అంతకుముందు రెండుసార్లు అతను దాన్ని మా గుమ్మం ముందు నిలిపి పిలిచాడు. రెండుసార్లూ పని ఉందని చెప్పాను. రిటైరైన మనిషికి, ఒక్కడే ఉన్న ఇంట్లో, మధ్యాహ్నం పూట ఏం పని ఉంటుందని అతను అడగలేదు.

ఆ కారు గురించి నాకు చూడకముందే చాలా తెలుసు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఏ వస్తువైనా ఇంటికి వచ్చేముందు దాని గురించి దొరికినదంతా చదవడం నాకు అలవాటు. మిక్సీ కొన్నా అంతే, ఆమెకు డాక్టరు రాసిన మందులకైనా అంతే. చదివినంత మాత్రాన జరిగేది మారదని తెలిసే వయసు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

మా బావమరిదికి రాజాం శివార్లలో రైసు మిల్లు ఉంది. నా భార్యకు తమ్ముడు, ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. చిన్నప్పటినుంచీ బండ్ల పిచ్చి. అద్దె సైకిలు తొక్కడం నేర్పింది ఆమే. సీటు వెనక పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తేదట. మేం ఉద్యోగం అయ్యాక రాజాంలో ఇల్లు కట్టుకోవడానికి కారణం కూడా అతనే. "అప్ప నా దగ్గిరుండాల" అని అక్క కోసం పట్టుబట్టాడు. జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం కిందికి వెళ్ళింది. నా పెన్షను కాగితాలన్నీ శ్రీకాకుళంలో ఉండిపోయాయి. ఆ సంవత్సరమంతా నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆమె నడుంనొప్పిని నడుంనొప్పి అనే అనుకున్నాను.

అతను ఆ కారుకు చెప్పిపెట్టినప్పుడు ఆమెకు జబ్బు బయటపడలేదు. అప్పుడది అతని సరదా మాత్రమే. కరెంటుతో నడిచే కార్లలో అంతకన్నా పెద్దది మన దేశంలో కొద్దిమంది దగ్గరే ఉందని, రంగు దగ్గర్నుంచి సీటు కుట్టు దాకా మనం అడిగినట్టే చేస్తారని, అందుకే రావడానికి నెలలు పడుతుందని అన్నాడు. పెద్ద పుస్తకం ఒకటి పంపారు కంపెనీవాళ్ళు. గట్టి అట్ట, దళసరి కాగితం, పేజీకి నాలుగు వాక్యాలకు మించి ఉండవు. అతనికి అంత ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"సదివి సెప్పు బావా. నాను కొన్నదేటో నాకు తెలియాల కదా."

ఆ పుస్తకాన్ని నేను చదివింది ఆమె మంచం పక్కన కూర్చుని. అప్పటికి జబ్బు వెన్నుపూసలోకి పాకింది. ఆమె పక్కకి తిరిగి పడుకుని వినేది. నేను ఒక్కో వాక్యం మనసులో తెలుగు చేసుకుని చెప్పేవాణ్ణి.

"తలుపు దగ్గరికి వెళ్తే తనే తెరుచుకుంటుందట. కూర్చున్నాక తనే మూసుకుంటుందట."

"మరి మా తమ్ముడికి పనేటుంటాది అందులో?"

"వెనక సీటు పడకలా వాలుతుందట. ఒళ్ళు కూడా పడుతుందట."

"సీటు ఒళ్ళు పడతాదా? అయితే ఇంక మీరెందుకండీ?"

"చిన్న ఫ్రిజ్ ఉంటుందట, సీట్ల మధ్యన."

"మజ్జిగెట్టుకోవచ్చు."

"లోపల పైకప్పుకి చుక్కల్లాగా దీపాలు ఉంటాయట. పగలు కూడా వేసుకోవచ్చు."

ఆమె కళ్ళెత్తి మా గది కప్పు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వితే నొప్పి అని సగంలో ఆపేసింది. "పట్టపగలు సుక్కలు సూపించడానికి కారెందుకండీ. నాకు రోజూ కనిపిస్తన్నాయి."

ఒక పేజీలో మాత్రం ఇద్దరం ఆగాం. ముందున్న రోడ్డును కెమెరా చూసి, గుంత వచ్చేలోపే చక్రాలను దానికి తగ్గట్టు సర్దుతుందట. కింద గాలి నింపిన తిత్తుల మీద నిలబడి ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్ళకు కుదుపు తెలియదట. ఆమె ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది.

"తెలీదనే రాసినాడా? తక్కువ తెలుస్తాదని రాసినాడా?"

నేను మళ్ళీ చూశాను. "తెలియదు అనే ఉంది."

"సరేలెండి," అంది.

ఆ రోజునుంచి ఆ కారు అతని సరదా కాకుండా పోయింది. సాయంత్రం అతను వచ్చినప్పుడు ఈ సంగతి ఆమే చెప్పింది. అతను మంచం పట్టి మీద కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు. "ఇంకేటి అప్పా. అదొచ్చిందంటే నువ్వు నిద్దరోతూ ఎల్లి నిద్దరోతూ వచ్చీడమే." అప్పటికి మేం వారానికోసారి విశాఖపట్నం వెళ్ళివస్తున్నాం, నొప్పి తగ్గడానికి రేడియేషన్ ఇస్తారు కాబట్టి. జబ్బు తగ్గదని డాక్టరు స్పష్టంగానే చెప్పారు. నొప్పి తగ్గించడం ఒక్కటే మా చేతిలో మిగిలింది.

ఆ ప్రయాణం గురించి చెప్పాలి. అంబులెన్సు వద్దని ఆమే అంది, వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుందని. అందుకని మా బావమరిది పాత డీజిలు బండిలో వెళ్ళేవాళ్ళం. అతనే నడిపేవాడు, డ్రైవరుకి ఇచ్చేవాడు కాదు. వెనక సీటంతా ఆమెకు పరిచేవాళ్ళం. నేను అంచున కూర్చుని ఆమె నడుము కింద దిండు పట్టుకునేవాణ్ణి. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కాక ఫరవాలేదు. అక్కడిదాకా ఉన్న రోడ్డే కష్టం. అందులోనూ ఒక కల్వర్టు ఉంది. దాని రెండు వైపులా తారు కుంగిపోయి, బండి ఒకసారి దిగి, ఎక్కి, మళ్ళీ దిగుతుంది. పక్కకు తప్పించడానికి చోటు ఉండదు. ఎంత నెమ్మదిగా పోనిచ్చినా మూడు దెబ్బలు ఖాయం.

కల్వర్టు కనిపించేసరికి ఆమె అనేది: "తమ్ముడా, పాటెట్రా. గట్టిగా."

అతను పెట్టేవాడు. ఆ బండిలో పాత స్పీకర్లు. గట్టిగా పెడితే తలుపులు అదిరేవి. దానికి తోడు డీజిలు ఇంజను. అప్పకి పాటలంటే ఇష్టమని అతను పెన్‌డ్రైవు నిండా ఎక్కించుకుని తెచ్చాడు. తల ఊపుతూ తనూ పాడేవాడు, ఆమెకు హుషారుగా ఉంటుందని.

పాత బండి నుంచి ఏం ఆశించాలో మాకు తెలుసు. కొత్తదాని నుంచి ఏం ఆశించాలో పుస్తకంలో ఉంది. ఆ రెంటి మధ్య రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాం.

కారు వచ్చిందని విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. అతను స్వీట్లు పట్టుకుని మా ఇంటికే మొదట వచ్చాడు. వాళ్ళమ్మ, అంటే మా అత్త, అప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. కూతురికి చేయాలని మిల్లు దగ్గరి ఇల్లు వదిలి వచ్చేసింది. అత్త స్వీటు చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా అడిగింది.

"ఎప్పుడు తెస్తావురా?"

"రేపో ఎల్లుండో ఎల్తానమ్మా."

"మూఢం పెట్టినాది మొన్ననే. తెలీదేటి నీకు?"

శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి కనబడకుండా పోయే రోజుల్ని మూఢం అంటారు. ఆ రోజుల్లో పెళ్ళి చెయ్యరు, ఇల్లు కట్టరు, బండి కొనరు. మా వైపు చదువుకున్నవాళ్ళు కూడా ఆ రోజుల్లో కొత్త బండి తాళం ముట్టుకోరు. షోరూముల వాళ్ళే డెలివరీ తేదీలు ముందుకో వెనక్కో జరుపుతారు. ఇందులో వింత ఏమీ లేదు.

"ఇదేటి శుభకార్యమా అమ్మా? అప్పని ఆసుపత్రికి తీసికెళ్ళడానికి."

"అందుకే అంతన్నాను. ఒంట్లో బాగోలేని పిల్లని మూఢంలో తెచ్చిన బండెక్కిస్తావా? ఇనప వస్తువు. ఏటైనా అయితే నాను బతగ్గలనా?"

అతను అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకునే అంది: "నాకిప్పుడు మూఢమేటి, మంచి రోజులేటి. అదొచ్చినప్పుడు వస్తాది. మీరు మీరు తేల్సుకోండి."

అప్పుడతను నా వైపు తిరిగాడు. "బావా, నువ్వేటంతావు? నువ్వు ఇలాంటివి నమ్మవు కదా. నువ్వు తెమ్మంటే రేపే తెస్తాను."

నేను నమ్మను. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో దీని మీద మా మామగారితో పెద్ద వాదన కూడా జరిగింది. నేను ఆ రోజు "తీసుకురా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అత్త రెండు రోజులు ఏడ్చి ఊరుకునేది.

"మీ ఇష్టం," అన్నాను.

ఎందుకలా అన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అలసట ఒక కారణం. ఇంటినిండా ఆడవాళ్ళ ఏడుపు ఇంకొకటి భరించలేననిపించింది. కానీ అసలు కారణం అది కాదు. ఆమె పోతుందని నాకు తెలుసు. తెచ్చాక పోతే, నా మాట మీద తెచ్చిన బండి వల్ల పోయింది అంటారని భయపడ్డాను. నమ్మకం లేదుగానీ ఆ మాట పడే ధైర్యం కూడా లేకపోయింది.

మూఢంలో నాలుగుసార్లు పాత బండిలో వెళ్ళివచ్చాం. పోను ఒకసారి, రాను ఒకసారి. కల్వర్టు ఎనిమిదిసార్లు దాటాం. నాలుగో ప్రయాణం తర్వాత ఆమె ఇంక రానంది. ఆరు రోజులకు తెల్లవారి కాఫీ వేళకు పోయింది. నొప్పి మందు ఎక్కువ ఇవ్వడంతో ఆఖరి రెండు రోజులు మాట లేదు.

మూఢం వెళ్ళిన రోజు మా ఇంట్లో తొమ్మిదో రోజు.

పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పట్టే మైల మూడు రోజులు. అంటే శాస్త్రం ప్రకారం మా బావమరిది ఆ రోజే వెళ్ళి కారు తెచ్చుకోవచ్చు. అతను వెళ్ళలేదు. ఫోన్లు ఎత్తలేదు. చివరికి నెల దాటాక షోరూమువాళ్ళే లారీ మీద ఎక్కించి మిల్లుకి పంపారు. మా అత్త వెళ్ళి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించిందట. తర్వాత డ్రైవరు ముందువైపు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టిన దారం వేలాడదీశాడట. తెల్లారి బండి తియ్యబోతే లోపల ఒకటే గంట. ముందు ఏదో అడ్డం ఉందని బొమ్మ చూపించి కదలనంటోంది. అరగంట వెతికితే, అడ్డం ఆ నిమ్మకాయే. దాని వెనకే బండి కన్ను ఉందట. ఈ సంగతి మా వీధి కిరాణా కొట్టాయన నాకు చెప్పాడు. "అంత బండి, నిమ్మకాయకి బయపడిపోనాది మాస్టారూ," అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. నాకు కోపం రాలేదు. ఆమె ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుదామని నోరు కూడా తెరిచాను.

కర్మలు అయ్యాక మా బావమరిదీ నేనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. గొడవేమీ లేదు. అతను వచ్చి కూర్చునేవాడు, నేను టీ పెట్టేవాణ్ణి, ధాన్యం తేమ గురించి రెండు మాటలు చెప్పి వెళ్ళేవాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఒకే రోజు గుర్తొచ్చేది. "నువ్వేటంతావు బావా" అని అతను అడిగిన రోజు. అతను అడిగాడు కాబట్టి తప్పు నాదని నేను అనుకునేవాణ్ణి. నేను వద్దనకపోయినా తేలేదు కాబట్టి తప్పు తనదని అతను అనుకునేవాడని తర్వాత తెలిసింది.

మూడోసారి అతను కారు తెచ్చినప్పుడు నేను వరండాలోనే ఉన్నాను. చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. మా వీధి కుక్క దాని ముందే పడుకుని ఉంది, లేవలేదు. డ్రైవరు దిగి దాన్ని అదిలించాడు. ఇంజను మోత లేకపోతే ఈ ఊళ్ళో గేదెలూ కదలవు, మనుషులూ కదలరని డ్రైవరు అన్నాడు. అతనిది విజయనగరం. పెద్దవాడు, నిదానస్తుడు.

మా బావమరిది వరండా మెట్టు మీద కూర్చున్నాడు. సన్నబడ్డాడు. గడ్డం చేసుకుని నాలుగైదు రోజులయినట్టుంది.

"బావా, ఈసారి పనుందని సెప్పకు."

"ఎక్కడికి?"

"కల్వర్టు దాకా. అది దాటి, సిలకపాలెంలో తిప్పుకుని వచ్చీడమే."

నేను కారు వైపు చూశాను.

"నాను ముందు కూకుని నడిపినాను. గుంత ఎనక సీట్లో ఎలగ తగిలీదో నాకు తెలీదు. అమ్మకి తెలీదు. నీకే తెలుసు. దిండు పట్టుకున్నది నువ్వు." అతను నా వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. "ఇందులో ఎక్కి ఒక్కసారి సెప్పు. తెలస్తాదా, తెలీదా. అంతే. నువ్వయితే అబద్ధం సెప్పవు."

"తెలిస్తే ఏం చేస్తావురా?"

"ఏటి సేస్తాను. తెలుసుకుంటాను."

అతనికి కావలసిందేమిటో నాకు అర్థమైంది. ఆ కారులో కుదుపు నిజంగా తెలియకపోతే, ఆ ఎనిమిదిసార్లూ ఆమెకు తగిలిన దెబ్బలు మేం తగలనిచ్చినవి. తెలిస్తే, కాదు. ఆ ప్రశ్న నాలో కూడా ఉంది. అందుకే రెండుసార్లు పని ఉందన్నాను. చొక్కా మార్చుకుని వచ్చి తాళం వేశాను.

తలుపు తనే తెరుచుకుంది. వెనక ఎడమవైపు సీటుకి ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. మిగతా సీట్లన్నిటికీ తీసేశారు.

"అప్ప కూకున్నాక తియ్యాలనుకున్నాను," అన్నాడు. "కూకో. ఫరవాలేదు."

కూర్చున్నాను. అతను నా పక్క సీట్లో కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆ మూసుకోవడంతో వీధి ఆగిపోయినట్టయింది. ఆటోలు పోతున్నాయి, వాటి మోత లేదు. కొట్టాయన ఎవరినో కేకేస్తున్నాడు, నోరు కదలడం మాత్రం కనిపించింది. బండి ఎప్పుడు కదిలిందో చెప్పలేను. కిటికీలో మా ప్రహరీ వెనక్కి వెళుతుంటే తెలిసింది.

పుస్తకంలో రాసినవి చాలావరకు నిజమే. సీటు వాలింది, పాదాల కింద మెత్త లేచింది. కారు చాలా బరువైనది. అడుగునంతా బ్యాటరీ ఉంటుంది కాబట్టి, నిండా ధాన్యం వేసిన ట్రాక్టరులా నేలను అంటిపెట్టుకుని పోతుంది. మలుపుల్లో ఒళ్ళు ఒరగదు. చల్లగాలి ఎక్కడినుంచి వస్తుందో కనబడదు. మిల్లులో ఛార్జింగు పెట్టిస్తే రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళిరావచ్చని అన్నారట, ఏసీ వేస్తే అంత రావడం లేదని డ్రైవరు చెప్పాడు. పుస్తకంలో రాయనిది ఒకటి ఉంది. లోపల అంత నిశ్శబ్దంగా ఉంటే మనుషులు చేసే ప్రతి చిన్న చప్పుడూ వినిపిస్తుంది. నేను కదిలినప్పుడల్లా కింద ప్లాస్టిక్ కరకరమంది. మా బావమరిది గుటక మింగితే వినిపించింది. డ్రైవరు ఊపిరి వినిపించింది. నా మోకాలు ముడుస్తుంటే పడిన చిటుకు ముగ్గురం విన్నాం.

ఊరు దాటాం. కోతలయిన పొలాల్లో గడ్డి మోపులు కట్టి ఉన్నాయి.

"ఎంత స్పీడులో పొమ్మంటారు?" అని డ్రైవరు అడిగాడు.

"నాను పోయినంతే," అన్నాడు మా బావమరిది. "నెమ్మదిగా. కల్వర్టు దగ్గిర ఇంకా నెమ్మదిగా."

కల్వర్టు తెల్లటి గోడలు దూరం నుంచే కనిపించాయి. రోడ్డు ఎవరూ బాగుచెయ్యలేదు. అది వస్తుంటే నా కుడిచెయ్యి దానంతటదే పక్కకు వెళ్ళింది. దిండు ఉండే చోటికి. అక్కడ సీట్ల మధ్యన ఉన్న చెక్క పెట్టె చేతికి తగిలింది, లోపల ఆ చిన్న ఫ్రిజ్ ఉంటుంది. చెయ్యి తీసుకోలేదు. ఒళ్ళు బిగుసుకుంది. పళ్ళు బిగుసుకున్నాయి. ఏళ్ళ తరబడి చేసిన పని కాదది, కొన్ని నెలలదే. అయినా ఒంటికి అంతగా అలవాటయిపోయింది.

బండి దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది.

కొట్టలేదు. పాత బండిలా పక్కటెముకల్లోకి రాలేదు. మెత్తగా, కొంచెం ఆలస్యంగా వచ్చింది. కానీ మూడూ వచ్చాయి. బిగుసుకున్న నా ఒళ్ళు వాటిని ఎంత పెద్దవి చేసిందో, బండి ఎంత చిన్నవి చేసిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. ఒకటి మాత్రం తెలుసు. వెన్నుపూస చెడిన మనిషికి ఆ మెత్తటి కుదుపు కూడా తగులుతుంది.

అతను నా మొహం చూస్తున్నాడు.

"తెలిసింది," అన్నాను.

"మూడూనా?"

"మూడూ."

"ఎంత?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. పాతదాంట్లో ఎంతో ఇందులోనూ అంతే అని చెబితే అతను ఆ రాత్రి నిద్రపోయేవాడు, నేనూ పోయేవాణ్ణేమో. కానీ అబద్ధం చెప్పనని నమ్మి అడిగాడు.

"సగం. సగానికి కొంచెం తక్కువే అనుకో."

"సగం తగ్గీదన్నమాట."

"తగ్గేది."

అతను తల ఊపాడు. లెక్క సరిపోయిందన్నట్టు రెండుసార్లు ఊపాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి అతని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక మళ్ళీ వచ్చింది. యాభై దాటిన మనిషి, మిల్లులో అరిస్తే లారీ దగ్గరి వాళ్ళకు వినిపించే గొంతు. ఆ కారులో దాన్ని దాచుకోవడానికి ఏమీ లేదు. ప్రతి ఊపిరీ, అది ఎక్కడ తెగుతుందో కూడా వినిపిస్తోంది. డ్రైవరు మెడ ముందుకు వంచి రోడ్డునే చూస్తున్నాడు. వినడం లేదన్నట్టు ఉండడానికి అతను పడుతున్న అవస్థ నాకు కనిపించింది. మా బావమరిదికీ కనిపించింది. అతను చేత్తో నోరు మూసుకున్నాడు.

పాత బండి నాకు అప్పుడు గుర్తొచ్చింది. కల్వర్టు దగ్గర పాట గట్టిగా మోగుతుంటే, ఇంజను మోతలో, తలుపుల అదురులో, ఆమె దిండులో మొహం పెట్టుకుని అరిచేది. గట్టిగానే అరిచేది. ముందు కూర్చుని పాడుతున్న తమ్ముడికి ఒక్కసారి కూడా వినపడలేదు. చెయ్యి ఆమె నడుము కింద ఉన్న నాకు మాత్రం ఆ అరుపు వేళ్ళకు తెలిసేది. కల్వర్టు దాటాక మొహం తుడుచుకుని, "సాలురా, తగ్గించు, సెవులు పోతన్నాయి," అనేది మామూలు గొంతుతో. ఆ మోతే లేకపోతే ఏం చేసేదో నేను అంతవరకు ఆలోచించలేదు. ఈ కారులో ఆమెకు నొప్పి సగమయ్యేది. కానీ ఆ సగాన్ని నోరు మూసుకుని భరించాల్సి వచ్చేది, తమ్ముడు వింటాడని.

ఇది లెక్కలో ఎటు వేసుకోవాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

డ్రైవరుతో అన్నాను: "ఏదైనా పాట పెట్టవయ్యా. గట్టిగా."

డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. ఇలాంటప్పుడు పాటేమిటని అనుకుని ఉంటాడు. తెర మీద వేలు పెట్టి ఏదో వెతికాడు. మా బావమరిది మాత్రం నా వైపు తిరిగాడు. నోటి మీద చెయ్యి అలాగే ఉంది. ఆ మాట అతను ఎన్నోసార్లు విన్నాడు, ఇంకో గొంతులో.

చెయ్యి తీసి అడిగాడు.

"అప్ప అందుకేనా అడిగీది?"

"అందుకే."

"నాను పాడీవోణ్ణి బావా. ముందు కూకుని పాడీవోణ్ణి."

"తెలుసు. నువ్వు పాడితే ఇంకా బాగా కలిసిపోయేది."

"నాకెప్పుడూ ఇనపళ్ళేదు."

"నీకు వినపడకూడదనే కదురా."

పాట మొదలైంది. డ్రైవరు కొంచెం పెంచాడు. ఇంకా పెంచమని నేను చేత్తో చూపించాను. మళ్ళీ పెంచాడు. మా బావమరిది మోకాళ్ళ మీదికి వంగి మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. అతని భుజాలు కదలడం కనిపించింది. ఇంకేమీ వినిపించలేదు. నేను కిటికీలోంచి గడ్డి మోపుల్ని చూస్తూ కూర్చున్నాను. చిలకపాలెం వచ్చేదాకా, అక్కడ బండి తిప్పుకున్నాక కూడా, పాట తర్వాత పాట మోగుతూనే ఉంది. కల్వర్టు రెండోసారి ఎప్పుడు దాటామో నేను గమనించలేదు.

ఆ కారులో స్పీకర్లు చాలా మంచివి. ఎంత పెంచినా తలుపులు అదరవు. ఆ సంగతి కూడా పుస్తకంలో ఉంది, నేనే ఆమెకు చదివి వినిపించాను.